పాస్కలు భాషలో అన్యోన్యాశ్రయము

మన యిండ్లలో పెద్దలు తఱచుగా చెప్పు సామెత యొకటి గలదు: పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి యైనగాని పిచ్చి కుదురదు. రెండు కార్యములలో ప్రతిదియు రెండవది ముందు జరుగవలెనని కోరినయెడల రెండును నిలిచిపోవును. తర్కశాస్త్రజ్ఞులు ఇట్టి చిక్కునకు అన్యోన్యాశ్రయ దోషమని పేరిడిరి. మూడు నాలుగు విషయములు గొలుసుగా సాగి మరల మొదటిదానినే పట్టుకొన్నచో దానిని చక్రక మనిరి. ఈ దోషము శాస్త్రవాదములకే పరిమితమైనది కాదు. మన పాఠశాలలో పాస్కలు భాష నేర్చుకొను పైతరగతుల బాలబాలికలు ఈ యేడు గ్రంథాలయమునకు తగిన ప్రోగ్రామొకటి వ్రాయబూనిరి. పని సగము సాగకమునుపే కంప్యూటరు తెఱపై "సర్క్యులర్ యూనిట్ రిఫరెన్స్" అను మూడు మాటలు కనబడి వారిని నిలువరించినవి. కొందఱు యంత్రము చెడినదనిరి. కొందఱు వ్రాసినదంతయు ఒకేచోట కుప్పవోసి, గండము గడచినదని సంతోషించిరి. ఆ మూడు మాటల అర్థమేమో, అవి యేల వచ్చునో, వచ్చినప్పుడు చేయదగినదేమో ఇచ్చట వివరింపదలచితిమి. తలిదండ్రులకును తెలియునట్లు వ్రాయ యత్నించుచున్నాము. ఏలయన పిల్లలు రాత్రివేళ చాలసేపు దేనితో కుస్తీ పట్టుచున్నారో వారెఱుగుట మంచిది.

ఇన్ని క్రొత్త భాషలుండగా ఈ పాతదానిని పట్టుకొననేల యని కొందఱు తండ్రులు మమ్మడుగుచున్నారు. పాస్కలు భాషను స్విట్జర్లాండు దేశమందలి జ్యూరిచ్ నగరపు ఇ.టి.హెచ్. విద్యాలయములో నిక్లౌస్ విర్త్ గారు నిర్మించి 1970వ సంవత్సరమున వెలువరించిరి. 1642లో, పన్నుల లెక్కలతో అలసిపోవు తండ్రికి తోడ్పడుటకై కూడికల యంత్రమును నిర్మింపబూనిన ఫ్రెంచి గణితజ్ఞుడు బ్లేజ్ పాస్కలు పేరు దానికి పెట్టిరి. విర్త్ గారు 2024 జనవరి 1వ తేదీన కాలధర్మము నొందిరి. ప్రోగ్రాము వ్రాయుటలో విద్యార్థులకు క్రమము నేర్పవలెనని ఆయన తలంపు. అందుచేత ఈ భాషలో ఒక కఠిన నియమము గలదు: ముందు చెప్పనిదానిని తరువాత వాడరాదు. మనము వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చు కంపైలరు, వ్రాతను పైనుండి క్రిందికి ఒకేమాఱు చదువుచు పోవునట్లు భాషయే అమర్చబడినది. ఒక పేరు వచ్చినప్పుడు, అది యేదో అప్పటికే దానికి తెలిసియుండవలెను. మేము ఈ భాషను నేర్పుటకు ముఖ్యకారణ మీ నియమమే. మఱియొక కారణము కూడ గలదు. ఫ్రీ పాస్కలు అను కంపైలరునకు వెల లేదు, మన గదిలోని పాత యంత్రములపైనను అది చక్కగా నడచును.

ప్రోగ్రాము చిన్నదైనప్పుడు ఒకే కాగితముపై వ్రాసినట్లు వ్రాసికొనవచ్చును. పెద్దదైనప్పుడు భాగములుగా విడదీయవలెను. ఒక్కొక్క భాగమునకు యూనిట్ అని పేరు. బోర్లండ్ సంస్థవారు 1983లో విక్రయమునకు తెచ్చిన టర్బో పాస్కలులో, 1987నాటి నాలుగవ కూర్పునుండి, యూనిట్లు చేరినవి. 1995లో వచ్చిన డెల్ఫీయును, నేటి ఫ్రీ పాస్కలును ఆ పద్ధతినే అనుసరించుచున్నవి.

యూనిట్‌లో రెండు భాగములుండును. అశోక్‌నగరు వీథులలో నడచువారు పోటీపరీక్షల శిక్షణాలయముల ముందు వ్రేలాడు పలకలను చూచియేయుందురు. ఏ పరీక్షకు శిక్షణ యిత్తురో, ఏ వేళలలోనో పలకపై నుండును. లోపల బోధన యెట్లు జరుగునో పలక చెప్పదు. యూనిట్‌లో పలకవంటిది ఇంటర్‌ఫేస్ భాగము. లోపలి గదివంటిది ఇంప్లిమెంటేషన్ భాగము. ఇతర యూనిట్లకు ఇంటర్‌ఫేస్‌లోనిది మాత్రమే కనబడును. ఒక యూనిట్ మఱొకదానిని వాడుకొనదలచినచో "యూజెస్" అను మాట వ్రాసి, దాని పేరు చెప్పవలెను. ఇంటర్‌ఫేస్‌కు ఒక యూజెస్, ఇంప్లిమెంటేషన్‌కు వేఱొక యూజెస్ ఉండవచ్చునను సంగతి విద్యార్థులు మఱవరాదు. ఈ వ్యాసములో సగము దానిమీదనే ఆధారపడియున్నది.

ఇక క్లాసు అను మాట. ఇది మన బడిలోని తరగతి కాదు. ఒక జాతి వస్తువునకు ఏ యే లక్షణములుండునో, అది యే యే పనులు చేయునో తెలుపు నమూనాయే క్లాసు. ఆ నమూనా ననుసరించి తయారైన ఒక్కొక్క వస్తువు ఆబ్జెక్టు.

మన విద్యార్థులు ఎన్నుకొన్న విషయము చక్కనిది. చిక్కడపల్లి, అశోక్‌నగరుల నడుమనున్న నగర కేంద్ర గ్రంథాలయము వారికి చిరపరిచితము. ఉద్యోగపరీక్షలకు చదువుకొను అన్నలు, అక్కలు అచ్చటి బల్లలయొద్ద దినమంతయు కూర్చుండుట వారు చూచుచునే యున్నారు. దగ్గఱలోనే సుల్తాన్ బజారులో 1901లో నెలకొల్పబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున్నది. కావున పుస్తకము అప్పుగా తీసికొనుట, గడువునకు తిరిగి యిచ్చుట మన ప్రాంతపు పిల్లలకు వింత కాదు. వారు రెండు క్లాసులు తలంచిరి: చదువరి, పుస్తకము. చదువరి చేతిలో ఏ పుస్తకమున్నదో చదువరికి తెలియవలెను. పుస్తకము ఎవరియొద్ద నున్నదో పుస్తకమునకు తెలియవలెను. ఇంతవరకు ఎవరికైనను సహజముగనే తోచును. వారు వ్రాసినది ఇట్లుండెను. కీలకపదములను మేము తెలుగు లిపిలోనికి మార్చితిమి. యంత్రమునకు మాత్రము ఇంగ్లీషు లిపిలోనే వ్రాయవలెను.

యూనిట్ చదువరులు;
ఇంటర్‌ఫేస్
యూజెస్ పుస్తకములు;
టైప్
  చదువరి = క్లాస్
    పేరు: స్ట్రింగ్;
    చేతిలోనిది: పుస్తకము;
  ఎండ్;

యూనిట్ పుస్తకములు;
ఇంటర్‌ఫేస్
యూజెస్ చదువరులు;
టైప్
  పుస్తకము = క్లాస్
    శీర్షిక: స్ట్రింగ్;
    తీసికొన్నవారు: చదువరి;
  ఎండ్;

కంపైలరు దీనిని ఎట్లు చదువునో చూడుడు. చదువరుల యూనిట్ తెఱచును. రెండవ పంక్తి దాటగానే, పుస్తకముల యూనిట్ కావలెనని యున్నది. సరే యని చేతిలోనిదానిని ప్రక్కనుంచి, పుస్తకముల యూనిట్ తెఱచును. అచ్చటను రెండవ పంక్తి దాటగానే చదువరుల యూనిట్ కావలెనని యున్నది. కాని చదువరుల పలక ఇంకను వ్రాయబడలేదు. దానిని ఇప్పుడేకదా ప్రక్కనుంచినది! ఏ పలకయు పూర్తికాదు. ఇట్లు తిరుగుచునే యుండుటకంటె ఆగి చెప్పుట మేలని తలంచి, కంపైలరు ఆ మూడు మాటలను తెఱపై వ్రాయును. యంత్రము చెడలేదు, అది సరిగానే పనిచేసినది.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. రెండు వస్తువులు పరస్పరము ఎఱిగియుండుటయే తప్పని కొందఱనుకొందురు. అది తప్పు కాదు. 2020 ఫిబ్రవరి 7వ తేదీన ప్రారంభింపబడిన మెట్రో మార్గమును చూడుడు. జూబ్లీ బస్ స్టేషను వైపునుండి వచ్చునప్పుడు చిక్కడపల్లి తరువాతిది నారాయణగూడ; నారాయణగూడకు ముందుది చిక్కడపల్లి. ప్రోగ్రాములో ఈ రెండును "స్టేషను" అను ఒకే క్లాసునకు చెందిన రెండు ఆబ్జెక్టులు. ఆ క్లాసులో "ముందుది: స్టేషను, తరువాతిది: స్టేషను" అని వ్రాసినచో కంపైలరు ఏ అభ్యంతరమును చెప్పదు. చిక్కు వస్తువుల పరిచయములో లేదు. రెండు వేఱు యూనిట్ల పలకలలో ప్రతిదియు రెండవ పలక ముందు పూర్తికావలెనని కోరుటలో నున్నది.

మొదటి ఉపాయము ఈ భేదమునుండియే పుట్టును. చదువరి క్లాసులో "చేతిలోనిది" అను అంశమును తీసివేసితి మనుకొందము. దానికి బదులు, "నా యొద్దనున్న పుస్తకముల పట్టిక ముద్రింపుము" అను పని నుంచితిమి. ఆ పని పేరు పలకపై నుండును. చేయు విధము లోపలి గదిలో, అనగా ఇంప్లిమెంటేషన్‌లో నుండును. పుస్తకములన్నిటిని వరుసగా చూచి, తీసికొన్నవారు తానేయైనచో శీర్షికను ముద్రించుటయే ఆ విధము. పుస్తకమను మాట ఇప్పుడు లోపలి గదిలోనే కావలసివచ్చినది. కావున చదువరుల యూనిట్‌లో "యూజెస్ పుస్తకములు" అను పంక్తిని ఇంటర్‌ఫేస్‌నుండి తీసి, ఇంప్లిమెంటేషన్‌లో వ్రాయవలెను. అప్పుడు చదువరుల పలక ఎవ్వరికొఱకును ఆగక పూర్తియగును. దానిని చూచి పుస్తకముల పలక పూర్తియగును. తరువాత రెండు గదులలోను పనులు సాగును. రెండింటిలో ఒకదానిని కదలించిన చాలును. మా యనుభవములో విద్యార్థులకు కలుగు చిక్కులలో చాలవఱకు ఈ ఒక్క పంక్తిని క్రిందికి దింపుటతోనే తీరిపోవుచున్నవి. పలకపై నిజముగా అక్కఱలేని పేరును అలవాటుచేత అచ్చట వ్రాయుటయే పెక్కుమాఱులు చిక్కునకు మూలము.

రెండు పలకలకును రెండు పేర్లు నిజముగా కావలసియున్నచో? అప్పుడు రెండు క్లాసులను ఒకే యూనిట్‌లో నుంచి, మొదట "పుస్తకము = క్లాస్;" అని మాత్రము వ్రాసి, తరువాత చదువరిని పూర్తిగ వర్ణించి, పిదప పుస్తకమును వర్ణింపవచ్చును. దీనిని ముందుప్రకటన యందము. ఆ పేరుగల క్లాసొకటి రాబోవుచున్నదని కంపైలరునకు మాట యిచ్చుట వంటిదిది. కంపైలరు ఆ మాటను నమ్ముటకు కారణమున్నది. చదువరి ఆబ్జెక్టులో పుస్తకమంతయు ఇమిడియుండదు. పుస్తకము జ్ఞాపకశక్తిలో ఎచ్చటనున్నదో తెలుపు చిరునామా మాత్రముండును. చిరునామాకు పట్టుచోటు స్థిరము: 32 బిట్ల యంత్రములో 4 బైట్లు, 64 బిట్ల యంత్రములో 8 బైట్లు. పుస్తకము లోపల ఏమున్నదో తెలియకున్నను చోటు కేటాయింపవచ్చును. రికార్డులకు ఈ వెసులుబాటు లేదు. రికార్డులో రికార్డు నుంచినచో అది పూర్తిగ ఇమిడియుండును. మొదటి పెట్టెలో రెండవ పెట్టె, రెండవదానిలో మరల మొదటిది పట్టవలెనన్నచో ఏ వడ్రంగియు చేయలేడు.

ఇచ్చిన మాట అదే యూనిట్‌లో, అదే "టైప్" విభాగములో నెరవేరవలెను. ఒక యూనిట్‌లో ముందుప్రకటన వ్రాసి, మఱొక యూనిట్‌లో వర్ణన వ్రాసిన విద్యార్థులు కలరు. అట్లు చెల్లదు. రెండు వర్ణనల నడుమ మరల "టైప్" అని వ్రాసినను పాత మాట కొట్టువడి, కంపైలరు క్రొత్త తప్పును చూపును. ఒండొంటిని విడువజాలని రెండు చిన్న క్లాసులకు ఒకే యూనిట్ తగిన యిల్లే. కాని ప్రతి చిక్కునకు ఇదే మందని త్రాగినచో, కొలదికాలములో ఉన్న క్లాసులన్నియు ఒకే యూనిట్‌లోనికి చేరి, భాగములుగా విడదీసిన ప్రయోజనమే పోవును.

మఱికొందఱు ఇంకొక దారి పట్టుదురు. "తీసికొన్నవారు: చదువరి" అనుటకు మాఱుగా "తీసికొన్నవారు: టీఆబ్జెక్ట్" అని వ్రాయుదురు. అన్ని క్లాసులకును మూలపురుషుడు టీఆబ్జెక్ట్. కావున అందులో ఏదియైనను పట్టును. లోపలి గదిలో మాత్రము, ఇది చదువరియేయని "యాజ్" అను మాటతో ఒప్పించి వాడుకొందురు. పని జరుగును. అయినను మాకిది నచ్చదు. ఆ చోట పొరపాటున చదువరికి బదులు బీరువాను ఉంచినను కంపైలరు పట్టుకొనజాలదు. ప్రోగ్రాము నడచునప్పుడు, గ్రంథాలయమున జనులు వరుసగా నిలుచున్న వేళ, అది బయటపడును. టీఆబ్జెక్ట్‌కంటె మేలైన మూలపురుషుని మనమే కల్పించుకొనవచ్చును. పుస్తకమునకు నిజముగా కావలసిన దేమి? తీసికొన్నవారి పేరు, చిరునామా. ఆ రెండింటిని చెప్పుమని మాత్రము కోరు "సభ్యుడు" అను క్లాసును మూడవ యూనిట్‌లో వ్రాసి, ఆ పనులకు "వర్చువల్, ఆబ్‌స్ట్రాక్ట్" అను గుఱుతు లుంచవలెను, అనగా పేరు మాత్రము చెప్పి, విధమును వారసులకు విడిచితిమని భావము. పుస్తకము సభ్యునే యెఱుగును. చదువరి సభ్యునికి వారసుడై "ఓవర్‌రైడ్" అను మాటతో ఆ పనుల విధమును చెప్పును. పుస్తకమును ఎఱుగుటకును వానికి అడ్డులేదు. చక్రము తెగిపోయినది. రేపు ఉపాధ్యాయులకు వేఱు క్లాసు కావలసివచ్చినను పుస్తకముల యూనిట్‌లో ఒక్క అక్షరము మార్చనక్కఱలేదు.

ఇన్ని ఉపాయములు చెప్పిన పిమ్మట, మన విద్యార్థుల ప్రోగ్రామునకు వీనిలో ఏదియు అక్కఱలేదని చెప్పుట వింతగా నుండవచ్చును. వారి మొదటి వ్రాతను మరల చూడుడు. చదువరి చేతిలో ఒక్క పుస్తకమే యుండునట్లు వ్రాసిరి, రెండు తీసికొన్నచో? పుస్తకమును నేడు ఒకరు, మాసము తరువాత మఱొకరు తీసికొందురు. మొదటివారి జాడ యెచ్చట? అన్నిటికంటె ముఖ్యముగా, తీసికొన్న తేదీ యెవరి సొత్తు? పుస్తకముదా, చదువరిదా? పుస్తకములో నుంచిన నొక చిక్కు, చదువరిలో నుంచిన నొక చిక్కు. నిజమునకు అది రెండింటిదియు కాదు. వారి నడుమ జరిగిన అప్పుది.

కంప్యూటర్లు రాకమునుపే గ్రంథాలయములవారు ఈ సంగతి గ్రహించియుండిరి. బ్రౌన్ పద్ధతి యని ప్రసిద్ధమైన విధానమును చూడుడు. మన దేశపు గ్రంథాలయములలో అది చాలకాలము వాడుకలో నుండెను. ప్రతి పుస్తకములో దాని పేరుగల చిన్న కార్డు ఉండును. ప్రతి చదువరికిని సంచివంటి టిక్కెట్టు ఇయ్యబడును. పుస్తకమును తీసికొనునప్పుడు ఉద్యోగి ఆ కార్డును తీసి, చదువరి టిక్కెట్టులో దూర్చి, గడువు తేదీ ప్రకారము పెట్టెలో నిలువబెట్టును. పుస్తకము తిరిగి రాగానే రెండింటిని విడదీసి, కార్డును పుస్తకమునకు, టిక్కెట్టును చదువరికి ఇచ్చును. పుస్తకములో చదువరి పేరు వ్రాయబడదు. చదువరి టిక్కెట్టుపై పుస్తకము పేరు వ్రాయబడదు. పెట్టెలోని ఆ జంటయే అప్పు. ఒక చదువరికి ఎన్ని టిక్కెట్లో అన్ని అప్పులు.

ఇట్లే మూడవ యూనిట్‌లో "అప్పు" అను క్లాసును వ్రాయించితిమి. అందులో తీసికొన్నవారు, తీసినది, తేదీ, గడువు అను నాలుగు అంశములు. అప్పుల యూనిట్ చదువరులను, పుస్తకములను రెండింటిని యూజెస్‌లో చెప్పుకొనును. ఆ రెండు యూనిట్లును అప్పును ఎఱుగవు; ఒకదానినొకటియు ఎఱుగవు. చదువరి యొద్ద నేమున్నవని యడిగినచో అప్పుల పట్టికయే చెప్పును. పుస్తకమెవరి యొద్దనని యడిగినను అదియే చెప్పును. తెఱపైని మూడు మాటలు మాయమైనవి. తేదీకి ఇల్లు దొరకినది. పాత అప్పులను తీసివేయక దాచుకొన్నచో ఏ పుస్తకము ఎన్నిమాఱులు బయటికి పోయినదో కూడ తెలియును. కావున ఆ మూడు మాటలు కనబడినప్పుడు వెంటనే యూజెస్ పంక్తిని కదలింపక, మొదట ఎవరు ఎవరిని నిజముగా ఎఱుగవలెనని ప్రశ్నించుకొనుడని మేము విద్యార్థులకు చెప్పుచున్నాము. పెక్కుమాఱులు మనము పేరు పెట్టక మఱచిన మూడవ వస్తువు నడుమ నున్నట్లు తేలును.

చక్రము కంపైలరు కంటికి కనబడకుండునట్లు చేసినను మఱొక అపాయము మిగిలియుండును. క్లాసులచేత తయారైన ఆబ్జెక్టులను, పని తీరిన పిదప "ఫ్రీ" అను ఆజ్ఞతో మనమే తొలగింపవలెను. పుస్తకములో చదువరి చిరునామా యున్నదనుకొందము. చదువరి సభ్యత్వము మానుకొనగా ఆ ఆబ్జెక్టును తొలగించితిమి. పుస్తకములోని చిరునామా మాత్రము అట్లే యున్నది. దానిని పట్టుకొని పోయినప్పుడు ప్రోగ్రాము "యాక్సెస్ వయొలేషన్" అని కూలినచో మేలే; లోపము తెలిసినది. కూలకుండుట దానికంటె చెడ్డది. ఖాళీయైన ఆ చోటనే క్రొత్త చదువరి ఆబ్జెక్టు వచ్చి కూర్చుండవచ్చును. అప్పుడు గడువు మీఱిన పుస్తకమునకు హెచ్చరికజాబు, దానిని ఎన్నడును చూడని వాని పేర వెడలును. నిరపరాధి జుల్మానా చెల్లించును. ఒకదానినొకటి ఎఱిగిన ఆబ్జెక్టులలో ఎవరు ఎవరికి యజమానియో ముందే నిర్ణయించి, ఒకటి తొలగునప్పుడు రెండవదానిలోని చిరునామాను "నిల్" చేయవలెను. అప్పుల పట్టికయున్నచో ఈ పని సులువు: తీరని అప్పున్న చదువరిని తొలగింపరాదను ఒక్క నియమము చాలును, ఆ నియమమును ఒక్కచోటనే వ్రాయవచ్చును. చదువరుల యూనిట్‌కు అప్పు తెలియదు గనుక, తొలగించు పనియు అప్పుల యూనిట్‌కే అప్పగింపవలెను.

ఇంకొక చిన్న సంగతి. యూనిట్ చివర "ఇనిషియలైజేషన్" అను భాగము నుంచినచో, ప్రోగ్రాము మొదలైనప్పుడు అందలి పనులు తమంతట జరుగును. సామాన్యముగా యూజెస్‌లో చెప్పబడిన యూనిట్ ముందు సిద్ధమగును. రెండు యూనిట్లు ఇంప్లిమెంటేషన్ ద్వారా పరస్పరము వాడుకొనునప్పుడు మాత్రము, రెండింటిలో ఒకటి రెండవదానికంటె ముందు మేల్కొనక తప్పదుగదా! అప్పటికి రెండవది నిద్రలోనే యుండును. కావున అట్టి జంటలో ఒకదాని ఇనిషియలైజేషన్‌లో రెండవదాని పట్టికలను ముట్టరాదు. ఆ పనిని ముఖ్య ప్రోగ్రాములో, రెండును సిద్ధమైన పిమ్మట, పేరుపెట్టి పిలిచి చేయింపవలెను. మన విద్యార్థుల గ్రంథాలయ ప్రోగ్రాములో పుస్తకముల జాబితాను ఫైలునుండి చదువు పంక్తులను ఇట్లే ముఖ్య ప్రోగ్రామునకు మార్పించితిమి.